ఆఫీసు వేళల గుళిక

మా ప్రయోగశాలకు రోజూ సాయంత్రం ఐదింటికి సీలు వేస్తారు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే వేస్తారు. సెక్యూరిటీ ఆఫీసరు మౌలాలి గారు మెయిన్ స్విచ్చి దించి, తలుపుకు తాళం వేసి, తాళం చుట్టూ గుడ్డ కట్టి, కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి, దాని మీద ఇత్తడి ముద్ర నొక్కుతారు. మర్నాడు పదింటికి ముగ్గురు సభ్యుల సంఘం వచ్చి ముద్ర చెక్కుచెదరలేదని సంతకాలు పెట్టాకే తలుపు తెరుచుకుంటుంది. అగ్నిప్రమాదాలు జరగకూడదని పెట్టిన నిబంధన ఇది. దీన్ని అమలు చేయడానికి రోజూ మా తలుపు దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్నారన్న సంగతి నేను ఎవరికీ గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే దానికింకో సంఘం వేస్తారు.

ఈ నిబంధన పుట్టింది రిజిస్ట్రార్ గారి గదిలో. ఒకరోజు అక్కడ ఎవరో టీ కెటిల్ ఆపకుండా ఇంటికి వెళ్ళిపోయారు. కిటికీ తెర కాలింది, రెండు కుర్చీలు కాలాయి. విచారణ సంఘం నలభై పేజీల నివేదిక ఇచ్చింది. కెటిల్ అనేది నీటిని వేడిచేసే పరికరం. మా విశ్వవిద్యాలయంలో నీటిని వేడిచేసే పరికరాలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది కెమికల్ ఇంజనీరింగ్ విభాగంలో. కాబట్టి సీలు వేయవలసింది కెమికల్ ఇంజనీరింగ్ విభాగానికి. రిజిస్ట్రార్ గారి గదికి వేయడం వీలుకాదు, ఇత్తడి ముద్ర ఉండేది ఆ గదిలోనే.

నా పేరు తిప్పేస్వామి. ఈ ప్రయోగశాలలో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా టెక్నీషియన్ని. గాజు సామాను నా చేతిలోంచి జారి పగిలిందని ఎవరూ అనలేదు, మూడేళ్ళ కిందటి దాకా. అప్పుడు కుడి చేతికి వణుకు పట్టుకుంది. డాక్టర్లు దానికేదో పెద్ద పేరు చెప్పారు. మాత్ర వేసుకుంటే మూడు గంటల పాటు చెయ్యి నా మాట వింటుంది, ఆ తర్వాత దాని ఇష్టం. రోజుకు ఐదు మాత్రలు. వారం వారం మా విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రంలోనే ఇస్తారు. మాత్రకూ మాత్రకూ మధ్య సందులో నేను గాజు గొట్టం పట్టుకోను, సంతకం పెట్టను, ఎవరింట్లోనూ కాఫీ తాగను. పెళ్ళిళ్ళలో అక్షింతలు మాత్రం వేస్తాను. ఆ ఒక్క పనికీ వణుకు బాగానే పనికొస్తుంది.

ఓబుళేశ్వరి కదిరి వైపు అమ్మాయి. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. మా జిల్లాలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు, ఇటుక బట్టీల్లో పోసి తగలేస్తుంటారు. ఈ పిల్ల ఆ పొట్టును ఉడికించి, కడిగి, పిండి, అందులోంచి పీచు పదార్థం తీసి, ఆవగింజంత గుళికలు చేసింది. వాటిలో మందు నింపింది, నేను మింగే మందే. కడుపులో పడ్డాక గుళిక తొందరపడదు. మందును కొంచెం కొంచెంగా, ఇరవై నాలుగు గంటల పాటు వదులుతూ పోతుంది.

"అంటే సార్, పొద్దన్నే ఒగటి మింగితే మళ్ళా మర్సటి రోజు దాంకా దాని జోలికి పోబళ్ళేదు" అంది నాతో.

నేను స్టోరు గదిలోకి వెళ్ళి బీకర్లు సర్దుతున్నట్టు కాసేపు నిలబడ్డాను. సంతోషానికి కూడా చెయ్యి వణుకుతుందని ఆ రోజు తెలిసింది.

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. ఒంటి వేడికి కాచిన నీళ్ళలో గుళికలు వేసి, నీళ్ళు మెల్లగా తిప్పుతూ, గంటకోసారి కాసిని నీళ్ళు తీసి మందు ఎంత దిగిందో కొలవాలి. ఇరవై నాలుగు గంటలు కొలిస్తే ఒక గీత వస్తుంది. ఆ గీత ఉంటే ఓబుళేశ్వరి సిద్ధాంత గ్రంథం పూర్తవుతుంది. ఆ గీత చూపిస్తే రోగుల మీద పరీక్షలు మొదలుపెడతామని బెంగళూరులో ఒక పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాటిచ్చింది. ఓబుళేశ్వరి రిజిస్ట్రేషనుకు ఆరేళ్ళ గడువు మార్చి ముప్ఫై ఒకటిన ముగుస్తుంది. అది దాటితే చేసిందంతా మట్టిపాలు. అప్పటికి డిసెంబరు. మధ్యలో అడ్డం ఒక్కటే, సాయంత్రం ఐదు గంటలు.

ఒక్క రోజు సీలు వేయకుండా ఉండటానికి అనుమతి ఇమ్మని దరఖాస్తు పెట్టింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. "పరిశోధకురాలి విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడినది. సదరు మందు ఇరవై నాలుగు గంటల పాటు విడుదల కావలసిన ఆవశ్యకత ఏమిటో వివరించబడలేదు. విశ్వవిద్యాలయంలోని ఏ ఇతర సిబ్బందీ ఇరవై నాలుగు గంటలు పనిచేయుట లేదు."

ఆఖరి వాక్యంలో నిజం ఉందని ఒప్పుకోవాలి.

ఆ పిల్లకు ఉక్రోషం వచ్చింది. ఎట్లాగూ స్విచ్చి దించినంత మాత్రాన గుళికలు ఊరుకోవు. నీళ్ళు చల్లబడతాయి, తిప్పేవాళ్ళుండరు, అయినా మందు దిగుతూనే ఉంటుంది. పదింటికి ప్రయోగం మొదలుపెట్టి, ఐదింటి దాకా కొలిచి, మర్నాడు పదింటికి తలుపు తీయగానే మళ్ళీ కొలిచింది. రెండు అంకెలూ నిజాయితీగా ప్రయోగాల పుస్తకంలో రాసింది. అదే ఆమె చేసిన తప్పు. సంఘంలో ఒక సభ్యుడు ముద్రతో పాటు ఆ పుస్తకం కూడా చూశాడు.

వారం తిరక్కుండా విచారణ. రిజిస్ట్రార్ వ్యాఘ్రేశ్వరరావు గారే అధ్యక్షులు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, ఎదుటివాళ్ళ వైపు చూడకుండా కాగితంతో మాట్లాడతారు. ఓబుళేశ్వరి, ఆమె గైడు కుళ్లాయప్ప గారు, నేను వరుసగా నిలబడ్డాం.

"సాయంత్రం ఐదు గంటలకు సీలు వేసినప్పుడు నీటిలో ఉన్న మందు ముప్ఫై శాతం. మర్నాడు పదింటికి సీలు తీసినప్పుడు అరవై ఎనిమిది శాతం. మౌలాలి గారూ, ముద్ర ఎలా ఉంది?"

"ఎక్కడా చెదర్లేదు సార్. వేసింది వేసినట్టే ఉండె."

"అయితే ముప్ఫై ఎనిమిది శాతం మందును ఎవరు విడుదల చేశారు?"

"ఎవురూ చెయ్యలేదు సార్" అంది ఓబుళేశ్వరి. "అదే వచ్చింది."

"ఎవరి అనుమతితో వచ్చిందమ్మా?"

"గుళికకు అనుమతేంది సార్? దాన్ని చేసిందే దానికోసరం!"

రిజిస్ట్రార్ గారు కలం తీశారు. "అంటే ముందుగా ఆలోచించి చేసిన పనే అంటారు. రాసుకోండి."

గుళికలు ఆఫీసు వేళలు ముగిశాక, సీలు వేసిన గదిలో, పై అధికారుల అనుమతి లేకుండా పనిచేశాయని తీర్మానమైంది. సంజాయిషీ కోరుతూ గుళికలకు మెమో ఇవ్వాలన్నారు. చేతికిచ్చి సంతకం తీసుకునే వీలు లేదు గనక గాజు పాత్రకు అంటించారు. ఏడు రోజులు గడువిచ్చారు. ఆ ఏడు రోజులూ పాత్ర ముట్టుకోకూడదని మౌలాలి గారు రోజుకు రెండుసార్లు వచ్చి చూసుకున్నారు. ఎనిమిదో రోజు "జవాబు అందలేదు, కావున ఆరోపణలు అంగీకరించినట్టే భావించడమైనది" అని రెండో కాగితం వచ్చింది. దాన్నీ అంటించాం.

ఫిబ్రవరి మొదటివారంలో సంఘం సిఫార్సులు చేసింది. గుళికలు ఇకమీదట పదింటి నుంచి ఐదింటి వరకే మందు విడుదల చేయాలి. ఒంటిగంట నుంచి రెండింటి వరకు భోజన విరామం. ఆ గంట విద్యుత్ పొదుపు కోసం ఎట్లాగూ మెయిన్ స్విచ్చి దించుతారు. ఆదివారాలు, రెండో శనివారాలు, ప్రభుత్వ సెలవు దినాల్లో విడుదల పూర్తిగా నిషేధం. ఐచ్ఛిక సెలవుల విషయం గుళికలు ముందుగా దరఖాస్తు చేసుకుంటే పరిశీలిస్తారు.

"రోగం సెలవు తీసుకుంటాదా సార్?" అని అడిగింది ఓబుళేశ్వరి మెట్లు దిగుతూ.

కుళ్లాయప్ప గారు మంచివాడు. ఇంతవరకు ఎవరికీ అడ్డం చెప్పలేదు, అందుకే ఎవరికీ సాయం కూడా చేయలేకపోయాడు. "ఎందుకొచ్చిన గొడవమ్మా. వాళ్ళేం అడుగుతాండారో అది చేసిచ్చి బయటపడు. నీకు రెండు నెల్లు కూడా లేదు."

పన్నెండు రోజులు ఓబుళేశ్వరి ఎవరితోనూ మాట్లాడలేదు. పదమూడో రోజు కొత్త గుళికలు తెచ్చింది. అదే పొట్టు, అదే మందు, పైన ఒక పూత. ఆ పూత వెలుతురు పడితే తెరుచుకుంటుంది, చీకటి పడితే మూసుకుంటుంది. కిటికీల్లేని మా గదిలో పదింటికి ట్యూబులైట్లు వేస్తే మందు రావడం మొదలైంది. ఒంటిగంటకు స్విచ్చి దించితే ఆగింది. రెండింటికి మళ్ళీ మొదలైంది. ఐదింటికి మౌలాలి గారు వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేయగానే ఆగిపోయింది. మర్నాడు కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పిల్ల దీన్ని వెక్కిరింపుకే చేసిందని నాకు తెలుసు. ఆ మాట రిజిస్ట్రార్ గారికి తట్టే అవకాశం మాత్రం లేకపోయింది.

ఆయన స్వయంగా ప్రయోగశాలకు వచ్చారు. మొదటిసారి ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట్లాడారు.

"అద్భుతం! ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల ఉద్యోగిని... గుళికను నేను చూడలేదు. దీన్ని వెంటనే వాడుకలోకి తేవాలి."

"సార్, ఒగ మాట" అంది ఓబుళేశ్వరి. "కడుపులో లైటుండదు సార్. మింగితే ఇది ఎప్పుటికీ తెరుసుకోదు. మందు రానే రాదు."

రిజిస్ట్రార్ గారు చిరునవ్వు నవ్వారు. "కడుపు విశ్వవిద్యాలయం పరిధిలోకి రాదమ్మా. మన పరిధిలో పనిచేస్తోంది. అది చాలు."

ఓబుళేశ్వరి ఈ గుళికల లెక్కలతోనే సిద్ధాంత గ్రంథం సమర్పించింది. గుళిక సంగతి పత్రికల్లో వచ్చింది. టీవీ వాళ్ళు వచ్చి ట్యూబులైటును ఫొటో తీసుకున్నారు. దుష్ప్రభావాలు సున్నా అని కరపత్రం అచ్చేశారు. అందులో అబద్ధం లేదు, అసలు ప్రభావమే సున్నా. మార్చి ముప్ఫైన విశ్వవిద్యాలయ దినోత్సవం. ఆ సభలో అందరి ముందూ గుళిక పనితనం ఒక మనిషి మీద చూపించాలని నిర్ణయించారు. ఆ జబ్బు ఉన్న మనిషి కోసం వెతకనక్కర్లేకపోయింది. ఆరోగ్య కేంద్రం వాళ్ళ దగ్గర నా పేరుంది.

మనుషుల మీద పరీక్షకు నైతిక సంఘం అనుమతి కావాలి కదా అని కుళ్లాయప్ప గారు భయం భయంగా అడిగారు. రిజిస్ట్రార్ గారు కాగితంలోకి చూశారు. "తిప్పేస్వామి మన ఉద్యోగి. ఉద్యోగి కడుపు ఉద్యోగ నిబంధనలకు లోబడే ఉంటుంది." నెల కిందట పరిధిలోకి రాని కడుపు ఎప్పుడు వచ్చి చేరిందో నేను అడగలేదు. నాకు రెండేళ్ళ సర్వీసు మిగిలుంది.

ఆ రోజు పొద్దున మాత్ర వేసుకోవద్దన్నారు, వేసుకోలేదు. వేదిక మీద ఎనిమిదొందల మంది ముందు గుళికలు మింగి, నిండు గ్లాసు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. గుళికలు మా ఓబుళేశ్వరి చేసినవి కదా, ఒకవేళ పనిచేస్తాయేమోనని ఒక పిచ్చి ఆశ. మనిషి ఆశకు చదువూ లెక్కా ఉండవు. అరగంటయింది. గ్లాసులో నీళ్ళు నా చొక్కా మీదా, ముందు వరుసలో కూర్చున్న పెద్దల మీదా పడుతున్నాయి. ఎవరో నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఓబుళేశ్వరి తల దించుకుంది.

రిజిస్ట్రార్ గారు మైకు ముందుకు వచ్చారు. ముఖంలో కలవరం ఇసుమంతైనా లేదు.

"సభికులకు మనవి. ఈరోజు ఆదివారం. సెలవు దినాన గుళిక పనిచేయకపోవడమే దాని విజయం. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

ఎనిమిదొందల మందీ చప్పట్లు కొట్టారు. నవ్వినవాడు కూడా కొట్టాడు.

కొట్టనిది ఒక్కరే. ఓబుళేశ్వరి సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించడానికి వరంగల్ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన సంతకం లేకపోతే పట్టా లేదు. సభ అయ్యాక అన్నాడు. "ఆదివారం అంటిరి, మంచిదే. రేపు సోమవారం గదా. రేపు గీ మనిషి చెయ్యి వణకకుండ గ్లాసు పట్టుకోవాలె. చూసినంకనే సంతకం పెడ్త."

సోమవారం మార్చి ముప్ఫై ఒకటి.

ఆ సాయంత్రం ఓబుళేశ్వరి నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపు రావద్దులే సార్. వంట్లో బాగలేదని చెప్పండి. మిమ్మల్ని మళ్ళా అట్ల నిలబెట్టేది నాకిష్టం లేదు. పోతే పోనీ." ఆరేళ్ళు ఆ పిల్ల వేరుశనగ పొట్టు ఉడికించడం చూశాను. చేతులకు బొబ్బలు ఎక్కితే నేనే మందు రాశాను. పోతే పోనీ అనే మాట అంత తేలిగ్గా రాలేదు ఆమె నోటికి.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు నేను ప్రయోగశాల పక్క బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని, జేబులోంచి నా పాత మాత్ర తీసి మింగాను. పదిన్నరకు అందరి ముందూ గుళికలు మింగాను. పదకొండింటికి గ్లాసు పట్టుకున్నాను. బొట్టు నీరు చిందలేదు. గంటసేపు గాజు గొట్టాలు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. పేరు రాయమన్నారు, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో అబద్ధం ఆడింది ఆ ఒక్క రోజు, అదీ ఇంత నిలకడైన చేత్తో.

పెద్దాయన నా చేతి వంకా నా ముఖం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పన్నెండున్నర దాటింది. మాత్ర బలం మూడు గంటలే. వణుకు ముందు చూపుడు వేలి దగ్గర మొదలైంది. పిడికిలి బిగించాను. ఆగలేదు. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాను. మళ్ళీ పట్టుకోమన్న గ్లాసులో నీళ్ళు తొణికి బల్ల మీద పడ్డాయి.

రిజిస్ట్రార్ గారు గోడ గడియారం వైపు చూశారు. సరిగ్గా ఒంటిగంట.

"భోజన విరామం!" అని అరిచారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిమిషం తేడా లేదు!"

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దాయన బల్ల మీది నీళ్ళ వంక చూశాడు. తర్వాత ఓబుళేశ్వరి ముఖం చూశాడు, కలం తీసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ నా భుజం తట్టి, "మాత్ర ఎన్ని గంటలకేసుకున్నవు?" అని మెల్లగా అడిగాడు. నేను గుడ్డ తీసి బల్ల తుడవడం మొదలుపెట్టాను.

ఓబుళేశ్వరి డాక్టరయింది. బెంగళూరు ఆసుపత్రి ప్రయోగశాలలో చేరింది. అక్కడ తలుపులకు లక్క వేయరట. మొన్న ఫోను చేసింది. "సార్, పాత గుళికలతో ఇరవై నాలుగ్గంటలూ చూసినాం. గీత యాడా వంగలేదు సార్. రోగులకు ఇచ్చేకి ఇంగా రెండు మూడేండ్లు పడ్తాదంట. అంతవరకు మీరు మాత్రలు తప్పకుండా ఏసుకోండి." సరేనన్నాను.

ఎలా వేసుకోవాలో మాత్రం చెప్పలేకపోయాను. ఏప్రిల్ మూడో తేదీనే ఆరోగ్య కేంద్రానికి ఉత్తర్వు వచ్చింది. "శ్రీ తిప్పేస్వామికి విశ్వవిద్యాలయం వారి స్వీయ ఆవిష్కరణ అయిన గుళిక సంపూర్ణంగా పనిచేసినట్లు బహిరంగంగా రుజువైనందున, సదరు ఉద్యోగికి సాధారణ మాత్రల జారీ తక్షణం నిలిపివేయడమైనది. ఇకమీదట గుళికలే ఇవ్వవలెను." ఇస్తున్నారు. వారానికి ముప్ఫై ఐదు, సీసాలో పోసి. ఇన్నాళ్ళూ బజారులో కొనుక్కున్న మాత్రలతో దొంగతనంగా నెట్టుకొచ్చాను. ఆ మందు మా ఊళ్ళో ఒకే దుకాణంలో దొరుకుతుంది. గత పది రోజులుగా అక్కడ కూడా లేదు.

ఇది రాస్తున్నది బుధవారం, పొద్దున పదకొండుంబావు. అక్షరాలు ఎలా ఉన్నాయో మీకు అచ్చులో తెలియదు, నయం. బల్ల మీద రిజిస్ట్రార్ గారి సంతకంతో ఒక మెమో ఉంది. నిన్న మధ్యాహ్నం మూడింటికి నేను కారిడార్లో టీ గ్లాసు పట్టుకుని నడుస్తుండగా నా చెయ్యి వణకడం సదరు అధికారి స్వయంగా చూశారట. అది భోజన విరామం కాదు, సెలవు దినమూ కాదు. ముందస్తు అనుమతి లేకుండా పని వేళల్లో ఎందుకు వణికానో ఏడు రోజుల్లోగా సంజాయిషీ రాసివ్వాలి. స్వహస్తాలతో రాయాలట.